మారతహళ్ళి గదిలో కట్టుకున్న మూట

ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చాక నేను నాలుగు కంపెనీలు, ఐదు గదులు మారాను. గది మారినప్పుడల్లా పరుపూ, గ్యాసు పొయ్యీ, అమ్మ పంపిన ఆవకాయ జాడీ ఆటోలో నా వెంట వచ్చేవి. కంపెనీ మారితే మాత్రం, ఆఖరి రోజు ల్యాప్‌టాప్ అప్పగించడంతోనే, ఏళ్ళ తరబడి నా చేతికి అలవాటు చేసుకున్న టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) అంతా అక్కడే ఉండిపోయేది. మూడో కంపెనీలో చేరిన వారంలోనే, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో ఏ బ్రాంచిలో (మార్పుల విడి పాయలో) ఉన్నానో ప్రాంప్టులో (ఆదేశం టైపు చేసే వరుసలో) కనిపించక, ఒక బ్రాంచికి చెందిన మార్పులను మరొక దానిలో కమిట్ (నమోదు) చేశాను.

ఆ రాత్రే మారతహళ్ళి పీజీ గదిలో కూర్చుని బ్యాష్ (ఆదేశాలను నడిపే షెల్), విమ్ (ఎడిటర్), టీమక్స్ (ఒకే తెరలో అనేక టెర్మినళ్ళు నడిపేది), గిట్‌ల సెట్టింగుల ఫైళ్ళన్నిటినీ ఒకే గిట్ రిపాజిటరీలో (మార్పుల చరిత్రతో సహా ఫైళ్ళను దాచే చోట) మూటకట్టాను. జీఎన్‌యూ స్టో అనే చిన్న పనిముట్టు ఆ ఫైళ్ళను అక్కడే ఉంచి, హోమ్ డైరెక్టరీలో వాటికి సింబాలిక్ లింకులు (అసలు ఫైలు వైపు చూపే గుర్తులు) పెడుతుంది.

బ్యాష్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైలు బ్యాష్‌ఆర్‌సీని కొత్తగా రాసుకుంటూ, సర్వర్‌లోకి వెళ్ళగానే తెలుగులో పలకరింపు కనిపించాలన్న ముచ్చటతో, మొదటి వరుసలోనే 'నమస్కారం' అని తెర మీద చూపే ఎకో ఆదేశం పెట్టాను. మర్నాడు ఫైళ్ళను కాపీ చేసే ఎస్‌సీపీతో సర్వర్ నుంచి లాగ్ ఫైలు తెచ్చుకోబోతే, తెర మీద 'నమస్కారం' ఒక్కటే వచ్చి ఆగిపోయింది, ఫైలు రాలేదు. పక్క సీట్లోని అనంతపురం అన్న చూసి, "అవతల మనిషి లేడు తమ్ముడూ, ప్రోగ్రామ్ ఉంది, దానికెందుకు నీ నమస్కారం?" అన్నారు. ఎస్‌సీపీ వాడుకునే ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌తో భద్రమైన కనెక్షన్) ద్వారా ఒక ఆదేశాన్ని నడిపినప్పుడు కూడా బ్యాష్ ఆ ఫైలును చదువుతుందనీ, ఎస్‌సీపీ తన ప్రోటోకాల్ బైట్ల కోసం ఎదురు చూసే చోట నా అక్షరాలు అడ్డుపడ్డాయనీ అప్పుడు తెలిసింది. షెల్ ఇంటరాక్టివ్ (మనిషి టైపు చేస్తూ వాడేది) కాకపోతే అక్కడే వెనుదిరిగే తనిఖీని ఫైలు మొదట్లో పెట్టి, పలకరింపును దాని కిందికి జరిపాను.

ఆఫీసు ఇచ్చింది మ్యాక్, సర్వర్లేమో లైనక్స్. 2019లో వచ్చిన కాటలినా వెర్షన్ నుంచి మ్యాక్‌లో కొత్త ఖాతాలకు బ్యాష్ బదులు జీషెల్ (zsh) అనే మరో షెల్లే డిఫాల్టు. ఫైళ్ళలో మాటలు మార్చే సెడ్‌తో ఫైలును ఉన్నచోటే మార్చాలంటే మ్యాక్‌లో బ్యాకప్ పొడిగింపును (బ్యాకప్ ఫైలు పేరు చివర చేర్చేదాన్ని), ఖాళీదైనా సరే, విడిగా ఇవ్వాలి. లైనక్స్‌లో అది అక్కరలేదు. అందుకే రెండింటికీ వేర్వేరు ఫైళ్ళు రాసి, ఏ సిస్టమో చెప్పే యూనేమ్ ఆదేశం చెప్పినదాన్ని బట్టి తెరిపిస్తాను. కంపెనీ సర్వర్ల చిరునామాలు, టోకెన్లు (లోపలికి అనుమతించే రహస్య సంకేతాలు) మాత్రం ఏనాడూ రిపాజిటరీలోకి రానివ్వను, ఎందుకంటే తర్వాత తుడిచేసినా అవి గిట్ చరిత్రలో ఉండిపోతాయి.

కిందటి నెల మా ఊరి నుంచి ఉద్యోగానికి వచ్చిన పిన్ని కొడుక్కి ఈ మూట మొత్తం ఇచ్చి, ముందుగా గిట్‌కాన్ఫిగ్ (గిట్ సెట్టింగుల ఫైలు) తెరిపించాను. అందులో కమిట్‌ల మీద పడే నా పేరూ ఈమెయిలూ తీసి తనవి రాసుకున్నాకే, వాడు మొదటి కమిట్ చేశాడు.