గేటు పైసలు

డిండి దగ్గర చేపల వేపుడు కోసం ఆగకపోతే ఇదంతా రాసేదాన్నే కాదు. దేవరకొండ నుంచి సాయంత్రం బయల్దేరాం. కారు తమ్ముడిది. రాత్రికి శ్రీశైలం చేరి, తెల్లారగానే దర్శనం చేసుకోవాలని మా లెక్క. చేపలతో గంట పోయింది, హాజీపూర్ చౌరస్తాలో పంక్చరుతో ఇంకో అరగంట. మన్ననూర్ చేరేసరికి తొమ్మిదీ పది, గేటు పడిపోయింది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లు వదలరని ఈ దారిన తిరిగే అందరికీ తెలుసు. తమ్ముడు ఎంత బతిమాలినా గేటు దగ్గరి అబ్బాయి కదల్లేదు. "నిన్న రాత్రి గీడనే కణితి జింక రోడ్డు దాటింది సార్" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంకేం అడుగుతాం?

దొరికిన గదికి 1,800 రూపాయలు. ఫ్యాను గరగర, దోమలు. నిద్ర పట్టక అయిదింటికే లేచి గేటు పక్క హోటల్లో కూర్చున్నాను. చాయ్ 15 రూపాయలు, మా దగ్గర ఇంకా 10కే దొరుకుతుంది. బెంచీ అవతలి కొసన ఒక చెంచు ముసలమ్మ, కాళ్ళ దగ్గర సంచిలో నాలుగు తేనె సీసాలు. ఒకటి తీసి నా చేతికిచ్చింది. పైన మైనం ముక్కలు తేలుతున్నాయి, వాటి మధ్య ఒక తేనెటీగ రెక్క. "గుట్ట తేనె బిడ్డా, వడగట్టలే" అంది. 600 చెప్పింది. నేను బేరమాడబోతుంటే పక్కనున్న కుర్రాడు అందుకున్నాడు: "బండ మీదికెళ్ళి తాడు పట్టుకొని దిగి తీస్తరక్కా. పైన తాడు బామ్మర్ది చేతికే ఇస్తరు. అక్కచెల్లె బతుకు ఆ తాడుకే ఉంటది గనక ఇడిచిపెట్టడని." నోరు మూసుకుని 600 ఇచ్చేశాను.

అతను ఆమె మనుమడు, సఫారీ జీపులో గైడు. ఆరయింది, గేటు తెరిచారు. తమ్ముడు డబ్బు కట్టి, రసీదు పట్టుకుని విసుక్కుంటూ వచ్చాడు. "బండికి టాక్సు కడుతున్నాం, డీజిల్‌కు కడుతున్నాం, ఇప్పుడు అడవికి కూడానా?" కుర్రాడి మొహం మారింది. "మా జీతాలు గా పైసల్లకెళ్ళే వస్తయన్నా. రోడ్డెంట మీరు పడేసే సీసాలు ఏరే ఆడోళ్ళ కూలి గూడ" అన్నాడు. తమ్ముడు ఇంకేం మాట్లాడలేదు. అవ్వ మాత్రం రసీదు తీసుకుని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ నాకిచ్చింది.

"దీన్ల మా పెంట పేరు ఉన్నదా బిడ్డా?"

పెంట అంటే అడవిలో చెంచుల గూడెం. లేదని చెప్పడానికి కష్టమైంది. పూర్వం శివరాత్రికి జనం నడిచి వచ్చేవాళ్ళట. చెంచులే దారి చూపి, దొంగల నుంచి, జంతువుల నుంచి కాపాడి మల్లన్న దగ్గరికి చేర్చేవాళ్ళట. "మా తాతలకు చేతుల పైసలు వెట్టేటోళ్ళు" అంది అవ్వ. మల్లన్న వాళ్ళ ఇంటి అల్లుడు మరి.

నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను కాబట్టి ఇందులో కొంత తెలుసు. తేనె, తునికాకు, వెదురు లాంటి వాటి మీద హక్కు 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకే ఇచ్చింది, కాబట్టి ఆ సీసా అమ్ముకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు. గేటు డబ్బు దారి వేరు. వన్యప్రాణి చట్టానికి అదే ఏడాది చేసిన సవరణతో ప్రతి పులుల అభయారణ్యానికి ఒక ఫౌండేషన్ పెట్టాలన్నారు. ప్రవేశ రుసుములను మళ్ళీ ఆ అడవికీ, అక్కడి మనుషులకూ ఉపయోగపడేలా తిప్పడం దాని పనుల్లో ఒకటి. ఈ అడవి, అంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. అంత అడవిలో తన పెంటకు వచ్చిందెంతో అవ్వకు తెలియాలంటే ఎవరో ఒకరు పెంటకు వెళ్ళి, అందరినీ కూర్చోబెట్టి, లెక్క చదివి వినిపించాలి. అది జరిగితే ఎలా ఉంటుందో నేను చూశాను.

1992లో ఉమ్మడి రాష్ట్రంలో, ఊరి పక్క అడవిని ఊరివాళ్ళే కాపాడుకునే వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. కొన్నేళ్ళకు మా ఊళ్ళోనూ ఒకటి పెట్టారు. ఇంటికి ఒక ఆడ, ఒక మగ సభ్యులు. నాన్న అధ్యక్షుడు. బ్యాంకులో ఖాతా ఆయన పేరు, ఫారెస్టర్ పేరు కలిపి తెరిచారు. మా గుట్ట నిండా సీతాఫలం చెట్లు. ఒక ఏడాది పండ్ల వేలం డబ్బు చేతికొచ్చిన రాత్రి బడి ముందు లాంతరు పెట్టి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది నాన్న గట్టిగా చదివాడు. సంగం ఆడవాళ్ళు మధ్యలో ఆపి ఆపి అడిగారు. మిగిలిన దాంతో బడిలో బోరు వేశారు. అయిదో తరగతి నుంచి ఆ బోరు నీళ్ళే తాగాను. అలా లెక్క చదివిన రెండేళ్ళూ గొడ్డలి పట్టుకుని గుట్టెక్కినవాణ్ణి ఊరివాళ్ళే పట్టుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. తర్వాత మీటింగులు ఆగిపోయాయి. లెక్క చదవడం ఆగింది. నాన్న ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఎవడికి అందిన కొమ్మ వాడు కొట్టుకుపోయాడు. ఇప్పుడు మా గుట్ట మీద ఆ చెట్లలో సగం కూడా లేవు.

ఫర్హాబాద్ సఫారీలో పులి కనపడలేదు, మట్టిలో పంజా ముద్ర చూపించారు. శ్రీశైలంలో క్యూ నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో తమ్ముడు తొమ్మిదికి భయపడి నాలుగింటికే బయల్దేరదీశాడు. మన్ననూర్ హోటల్ ముందు ఆగితే బెంచీ ఖాళీగా ఉంది. అవ్వ మధ్యాహ్నమే వెళ్ళిపోయిందన్నారు.

ఇంటికి రాగానే నాన్న ఇనప్పెట్టె తెరిచాను. ఆయన పోయి మూడేళ్ళయింది, అందులోని సమితి పాస్‌బుక్కును ఎవరం కదిలించలేదు. అట్ట చెదలు కొట్టింది కానీ లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. బోరు మనిషికిచ్చిన డబ్బు, కింద నాన్న పొట్టి సంతకం, దాని తర్వాత రెండు పద్దులు, ఆ పైన అంతా ఖాళీ. రసీదును కూడా అందులోనే పెట్టాను. సోమవారం సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్తున్నాను, ఆ ఖాతా ఇంకా బతికే ఉందో లేదో అడగాలి. సంగం ఆడవాళ్ళలో ఇద్దరు తోడొస్తామన్నారు.