తాగే నీళ్లలో సున్నం

మా మెట్‌పల్లి వైపు ఎవరు ఏ గల్ఫ్ దేశానికి వెళ్లినా దుబాయి పోయిండనే అంటారు గనుక, నేను పనిచేసిన తీరం పేరు ఎవరూ అడగలేదు. సున్నం కలిపే పని అని చెబితే మాత్రం గోడలకు వేసే సున్నమనుకున్నారు. నేను కలిపింది తాగే నీళ్లలో.

సముద్రపు నీటిని మరిగించి ఆవిరి పట్టినా, సన్నని పొరల గుండా ఒత్తిడితో పంపినా, చివరికి దక్కే నీటిలో ఖనిజాలు దాదాపు మిగలవు. చప్పగా ఉండటం చిన్న సంగతే గానీ, అలాంటి నీరు ఊరు చేరేలోపు ఇనుప గొట్టాలనూ వాటి లోపలి సిమెంటు పూతనూ తినేస్తుంది. అందుకని దానిలోకి కార్బన్ డయాక్సైడ్‌నూ సున్నపు తేటనూ వదులుతారు. రెండూ కలిసి కాల్షియం బైకార్బొనేట్ అయి నీటికి కాస్త కాఠిన్యాన్నిస్తాయి. అసలు చిక్కు వేసవిలో వచ్చేది. ఉప్పు, చక్కెరల మాదిరిగా కాక, సున్నం వేడి నీళ్లలో తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గరే లీటరుకు సుమారు 1.7 గ్రాములకు మించదు. కరగనిది తొట్టి దాటితే నీరు మసకబారేది, కంట్రోల్ రూమ్ నుంచి ఫోను మోగేది.

మొదటి ఏడాది కళ్లద్దాలు అడిగితే రేపు రేపన్నారు. ఒకనాడు బస్తా చించగానే పొడి లేచి నా కుడికంట్లో పడింది. వేములవాడ వైపు తమ్ముడొకడు "రుద్దకన్నా, రుద్దితే కన్ను పోతది" అంటూ నా తల కుళాయి కింద పెట్టి, 20 నిమిషాలు కదలనివ్వలేదు. వాళ్ల నాయన గీత కార్మికుడు. నీరా పులియకుండా లొట్టి లోపల సున్నం పూయడం చూస్తూ పెరిగినవాడికి దాని గుణం ఎవరూ నేర్పనక్కర్లేదు. కళ్లద్దాలు మరుసటి వారం వచ్చాయి.

ఆ మాటకొస్తే నాకూ అది కొత్తది కాదు. మా నాన్న చెరకు తోలిన ముత్యంపేట ఫ్యాక్టరీలో రసంలోని పులుపును విరిచి మడ్డిని అడుక్కు దింపింది సున్నమే; ఉక్కు కొలిమిలో ఇసుకరాతి మలినాలను చిట్టెంగా తేల్చేదీ అదే.

ఇప్పుడు మా ఇంట్లో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతోంది. అక్కడ నేను షిఫ్టంతా తూచి తూచి కలిపినదాన్నే ఇక్కడ నా భార్య నిమ్మతొక్కతో రుద్ది వదిలిస్తోంది.