ముట్టుకోకుండా నేర్చుకున్న తాబేలు పాఠం

మా బడి శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో ఉంది. ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఈ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టి వెళ్తాయి. పరిసరాల విజ్ఞానం అనే పాఠ్యపుస్తకం మూడో తరగతిలో గాని పిల్లల చేతికి రాదు. అంతవరకు వన్యప్రాణుల సంరక్షణ అనేది వారికి గోడపత్రికగానో, నినాదంగానో, ఊరేగింపుగానో మాత్రమే తెలుస్తుంది. అట్ట మీద తాబేలు బొమ్మ వేయించి కింద "కాపాడుదాం" అని రాయిస్తే చేతిరాత కుదురుతుందేమో గాని, తాబేలుకు ముప్పు ఎటునుంచి వస్తుందో, ఎందుకు వస్తుందో ఆ పిల్లవాడికి తెలియదు.

అందుకే మా రెండో తరగతిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. తాబేలు బతుకుతో ముడిపడిన ఇసుకను, వేడిని, వెలుతురును, వలను పిల్లలు చేత్తో పట్టి, కొలిచి, పాడుచేసి, మళ్లీ చేసి చూడాలి. తాబేలును గాని, దాని గుడ్డును గాని, పిల్లను గాని ముట్టుకోకూడదు. ఈ ప్రాణి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది కనుక గుడ్లు తీయడం, మార్చడం అటవీశాఖ అనుమతి ఉన్నవారి పని. చట్టం సంగతి అలా ఉంచినా, పిల్లతాబేలును అరచేతిలో పెట్టుకుని ఫొటో దిగిన పిల్లవాడికి గుర్తుండేది ఆ ఫొటోయే తప్ప తాబేలు కాదని నా అభిప్రాయం.

"శ్రీకూర్మంలో ఉన్న తాబేళ్లేనా మేస్టారూ?" అన్నది పిల్లలు మొట్టమొదట అడిగే ప్రశ్న. గుడి ప్రాంగణంలో పెంచే నక్షత్ర తాబేళ్లను చూడని పిల్లలు మా వైపు తక్కువ. అవి నేల మీద తిరిగేవి, కాళ్లున్నవి, భయం వేస్తే తలను డిప్పలోకి లాక్కునేవి. ఆలివ్ రిడ్లేకు కాళ్లకు బదులు తెడ్లు ఉంటాయి. తలను లోపలికి లాక్కోలేదు. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే చాలు, ఈ తేడాలన్నీ పిల్లలే చెప్పేస్తారు.

ఇసుక పాఠానికి మాత్రం తొందరపడకూడదు. ఒక చోట పొడి ఇసుక, మరొక చోట తడి ఇసుక పోయించి, రెండింటిలోనూ చేత్తో గొయ్యి తీయమంటాను. పొడి ఇసుకలో ఎంత తవ్వినా అంచులు జారి గొయ్యి పూడిపోతూనే ఉంటుంది. తేమ ఉన్న ఇసుకలో గోడ నిలుస్తుంది. నీళ్లు మరీ ఎక్కువ పోస్తే అడుగున నీరు ఊరి గొయ్యి బురద అవుతుంది. పోటు నీరు అందని ఎత్తులో, పైన పొడిగా ఉన్నా లోపల తేమ ఉన్న చోటును తల్లి తాబేలు ఎందుకు ఎంచుకుంటుందో, నీట మునిగిన గుడ్డుకు ఊపిరి ఎందుకు ఆడదో చెప్పడానికి ఇంతకంటే మంచి పుస్తకం నాకు దొరకలేదు. అది వెనుక తెడ్లతో తవ్వే గొయ్యి సుమారు అడుగున్నర లోతు, పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా కూజా ఆకారంలో ఉంటుంది. అంత లోతు తవ్విస్తే రెండో తరగతి పిల్లవాడి చెయ్యి దాదాపు భుజం దాకా దిగిపోతుంది. చెంప ఇసుకకు ఆనించి, కళ్లు మూసుకుని అడుగున ఏముందో వేళ్లతో వెతుక్కుంటాడు.

ఒక గూటిలో ఇంచుమించు వంద గుడ్లు ఉంటాయి. వంద చింతగింజలను పదేసి కుప్పలుగా పేర్చడం ఎలాగూ ఆ తరగతి లెక్కల పాఠమే. అలాంటి పది వందలు ఒక గంపలో పోసి, ఒక్క గింజకు ఎర్రరంగు పూసి కలిపేస్తాను. వెయ్యి తాబేలు పిల్లల్లో పెద్దదయ్యేది ఒకటేనని సాధారణంగా వేసే అంచనా. ఆ ఎర్రగింజ కోసం తరగతి మొత్తం గంప మీద పడుతుంది.

వేడి పాఠానికి రెండు మట్టి మూకుళ్లలో ఇసుక పోసి ఒకటి ఎండలో, ఒకటి తాటాకు నీడలో పెడతాము. ముందు చేత్తో తాకి ఏది వేడిగా ఉందో చెప్పాలి, తరువాతే థర్మామీటరు. పాదరసం ఉన్నది చిన్నపిల్లల మధ్య వాడవద్దని తోటి ఉపాధ్యాయులకు మనవి. ఎర్రద్రవం ఉన్నవి దొరుకుతాయి. తాబేలు గుడ్డులో ఉన్నది ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. అంతకంటే వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువవుతాయి. ఈ మాట చెప్పగానే ఎండలో పెట్టిన మూకుడు "అమ్మాయిల మూకుడు" అయిపోయింది. ఎండ ముదిరాక హేచరీ మీద, అంటే గుడ్లను తెచ్చి ఇసుకలో పూడ్చి కాపాడే చోటు మీద, నీడవల ఎందుకు కడతారో ఆ తరువాత విడిగా చెప్పవలసిన అవసరం రాలేదు.

వెలుతురు పాఠం ఆటగా నడుస్తుంది. గూటి నుంచి పైకి వచ్చిన తాబేలు పిల్లలు ఎటు వెలుతురుగా కనిపిస్తే అటే పాకుతాయి. ఒడ్డున సరుగుడు తోటలు నల్లగా ఉంటాయి, సముద్రం మీద ఆకాశపు వెలుగు పరుచుకుంటుంది కనుక, తీరం చీకటిగా ఉన్నంతవరకు అవి నీటిలోకే చేరతాయి. కిటికీలకు గోనెసంచులు కట్టి, ఒక గోడ దగ్గర పల్చని గుడ్డ వెనుక టార్చి వెలిగించి, పిల్లలను మోకాళ్ల మీద పాకమంటాను. కాసేపటికి వెనుకవైపు, వీధిదీపం అనుకుని, అంతకంటే పెద్ద టార్చి వెలిగించగానే సగం తరగతి వెనక్కి తిరిగింది. ఒక పాప నల్లబల్ల దాకా వెళ్లి "మేస్టారూ, ఇక్కడ సముద్రం లేదు" అంది. వీధిదీపాలు ఆర్పేయాలని అందరూ తీర్మానించారు గాని, తెల్లవారుజామున బోట్ల దగ్గరకు వెళ్లే తల్లులకు దారి కనిపించాలి కదా అని ఒకడు అడ్డు చెప్పాడు. చివరకు దీపానికి సముద్రం వైపు రేకు అడ్డం పెట్టాలన్న చోట రాజీ కుదిరింది. పెద్దల సమావేశాల్లో కూడా ఇంత తొందరగా దారికి రావడం నేను చూడలేదు.

వల పాఠం దగ్గరే జాగ్రత్త పడవలసి ఉంటుంది. మా పిల్లల్లో చాలామంది తండ్రులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. తాబేలుకు ఊపిరితిత్తులు ఉంటాయని, గాలి కోసం అది పైకి రావాలని, బోటు వెనుక నీటిలో ఈడ్చుకుపోయే సంచిలాంటి ట్రాల్ వలలో చిక్కి చాలాసేపు నీటి అడుగున ఉంటే చచ్చిపోతుందని చెప్పకుండా ఉండలేము; "మీ నాన్నే చంపుతున్నాడు" అన్న అర్థం పిల్లవాడి ఇంటి దాకా పోనివ్వకూడదు. అందుకని వల వేసేవారి గురించి కాక వల అల్లిక గురించే మాట్లాడతాము. ఉల్లిపాయల సంచి ట్రాల్ వల, కొబ్బరిచిప్ప తాబేలు, చింతగింజలు రొయ్యలు. సంచి లోపల చీపురుపుల్లలు వాలుగా కట్టి, పైన ఒక చీలిక కోస్తే చిప్ప పుల్లలకు తగిలి బయటకు జారుతుంది, గింజలు సందుల్లోంచి వెనక్కి పోతాయి. తాబేళ్లు తప్పించుకునేందుకు ట్రాల్ వలకు అమర్చే "టెడ్" అనే లోహపు చట్రం పనిచేసేది ఇలాగే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన జలాలకు తగినట్టు ఒకదాన్ని రూపొందించింది.

సెలవు మీద ఇంటికి వచ్చిన ఒక తండ్రి మా సంచిని తిప్పి చూసి, ఆ చీలికలోంచి తాబేలుతో పాటు పెద్ద చేప కూడా పోతుందని, ఆ నష్టం ఎవరు ఇస్తారని అడిగాడు. బోటు మీద పనిచేసేవారందరూ అనే మాటే అది, న్యాయమైన మాటే. మేము అదే సంచిని నీళ్ల తొట్టిలో లాగి, చీలికలోంచి బయటపడిన గింజలను లెక్కపెట్టాము. చీలిక మీద గుడ్డముక్క మూతలా కుట్టి మళ్లీ లాగితే పోయే గింజలు తగ్గాయి. మూత మరీ బిగిస్తే చిప్ప లోపలే ఉండిపోయింది. పుల్లల మధ్య సందు వేలంత ఉండాలా, రెండు వేళ్లంత ఉండాలా అన్న వాదన ఇంకా తేలలేదు. ఈసారి ఆ తండ్రి కూడా వచ్చి తన లెక్క ప్రకారం పుల్లలు కడతానన్నాడు.