నాన్నకి కొత్త ఫోన్

"కెమెరా 50 మెగాపిక్సెల్ అండీ" అని షాపు కుర్రాడు తెగ ఊదరగొడుతున్నాడు. నాన్న మాత్రం "అది సరే బాబూ, మా వెనకగదిలో మాట వినిపిస్తుందా?" అని అడిగారు.

మాది పాతకాలం ఇల్లు, మందపాటి గోడలు. వెనకగదిలో సిగ్నల్ ఒక్క గీత, అదీ కిటికీ ఊచలకి ఫోన్ ఆనిస్తేనే. ఇంటర్నెట్ మాత్రం బ్రహ్మాండం.

అందుకే వైఫై కాలింగ్, అంటే టవర్ సిగ్నల్ బదులు ఇంట్లో వైఫై మీదుగా కాల్ వెళ్లే సదుపాయం, ఉన్నదే తీసుకున్నాం. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్ నుంచే, జియో 2020 జనవరి నుంచే ఇస్తున్నాయి, కానీ షాపులో ఎవరూ చెప్పరు. సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే చాలు. మామూలు నంబరు, మామూలు కాల్. యాప్ గొడవే లేదు.

"వాట్సాప్ ఉందిగా" అంటాడు తమ్ముడు. ఉంది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి వాట్సాప్‌లో చేస్తాడా? రాత్రిపూట 108కి అందులోంచి చేయగలమా? అంతెందుకు, దుబాయ్‌లో ఉన్న బావకి వాట్సాప్‌లో మెసేజ్‌లే వెళ్తాయి, కాల్స్ అక్కడ బ్లాక్.

కాకపోతే కరెంటు పోతే రౌటర్ కూడా ఢమాల్. దాన్ని ఇన్వర్టర్‌కి కలపాలి. ఎలక్ట్రీషియన్ రేపొస్తానన్నాడు, చూడాలి.