పొద్దున్నే మొరాయించే మోటారు

పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డు మోటారు, రాత్రంతా ఒడ్డున నిలబడితే, పొద్దున్నే ఎంత లాగినా లేవదు. ఎలాగో లేచి, వేడెక్కిందంటే మాత్రం రోజంతా ఒక్క లాగుకే స్టార్టవుతుంది. ఇలాంటి మోటారుకి రేవులో ఎవరైనా మొదట చేసే వైద్యం స్పార్కు ప్లగ్గులు మార్చడం. నాకు ఆ పద్ధతి నచ్చదు. ప్లగ్గు నిజంగా పాడైతే వేడి మీద కూడా ఎక్కడో ఒకచోట మిస్ కొడుతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే పేచీ పెడుతోందంటే ముందు అనుమానించాల్సింది పెట్రోలు దారిని.

నాకు విశాఖలో బైకుల షెడ్డు ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చి కొత్త బైకులు చాలావరకు ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) అయిపోయాక, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ విప్పే సరదా తీరేది భీమిలిలో మావయ్య బోటు దగ్గరే. ఆయనది ఫైబర్ బోటు, వెనక 15 గుర్రాల టూ-స్ట్రోక్ మోటారు, రెండు సిలిండర్లు. మొన్న జనవరిలో ఫోన్ చేశాడు.

"అల్లుడూ, పొద్దున్న లాగి లాగి రెక్క పడిపోతంది. నడి సంద్రంలో ఆపితే మాత్రం ఒక్క లాగుకే లెగుస్తంది. ప్లగ్గులు రెండూ మార్చీసినాను."

"పాత ప్లగ్గులు పారేశావా మావయ్యా?"

"నేదు, డబ్బాలో ఉన్నాయి."

ఆ పాత ప్లగ్గులు చూస్తే లేత కాఫీ రంగులో శుభ్రంగా ఉన్నాయి. గ్యాపూ సరిగ్గానే ఉంది.

చల్లటి ఇంజన్ సంగతేమిటంటే, మండేది ద్రవంగా ఉన్న పెట్రోలు కాదు, దాని ఆవిరి. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు కార్బురేటర్ నుంచి నేరుగా సిలిండర్‌లోకి పోదు. ముందు కింద క్రాంక్‌కేసులోకి వెళ్లి, అక్కణ్ణుంచి పైకి ఎక్కాలి. ఆ దారంతా చల్లగా ఉంటే, చల్లటి కంచంలో నెయ్యి పేరుకున్నట్టు, సగం పెట్రోలు గోడలకే అంటుకుపోతుంది. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి, పెట్రోలు ఎక్కువ పోస్తాం. ఇంజన్ వేడెక్కాక ఆ అవసరం ఉండదు. పెట్రోలు దారిలో చిన్న చిన్న లోపాలు ఉన్నా ఆ వేడి కప్పేస్తుంది. భీమిలిలో మంచు కురవదు కదా అనొద్దు, రాత్రంతా సముద్రపు గాలికి చల్లారిన ఇంజనుకి ఆ మాత్రం చలి చాలు.

మొదట ట్యాంకు మూత మీది గాలి స్క్రూ చూశాను, తెరిచే ఉంది. తర్వాత పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డ. దాన్ని మోటారు వైపు కొస పైకి ఉండేలా పట్టుకుని పిసికితే కాసేపటికి గట్టిపడాలి. మావయ్యది ఎంతసేపు పిసికినా మెత్తగానే ఉంది, అంటే ఎక్కడో గాలి లాగుతోంది. పైపుని మోటారుకి తగిలించే క్లిప్పులో ఉండే చిన్న రబ్బరు రింగు ఎండి చిట్లిపోయింది. చిల్లర ఖర్చుతో పోయే జబ్బు. రింగు మార్చగానే బుడ్డ రాయిలా గట్టిపడింది.

మోటారు మాత్రం ఇంకా సతాయిస్తూనే ఉంది. కొంచెం ముందే అందుకుంటోంది గానీ, అందుకున్నాక దగ్గి ఆగిపోతోంది.

ఇక్కడే చాలామంది చూడని చోటు ఒకటుంది. కార్బురేటర్ మూతి ముందు ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. బోల్టులు విప్పి దాన్ని పక్కన పెట్టి, లోపల చోక్ రేకు మీదికి టార్చి కొట్టాను. మావయ్యని చోక్ నాబ్ లాగమన్నాను. నాబ్ పూర్తిగా బయటికి వచ్చింది. రేకు మాత్రం సగం దూరం తిరిగి ఆగిపోయింది, పక్క నుంచి నా చిటికెన వేలు దూరేంత సందు. ఇరుసు చుట్టూ ఉప్పు తెల్లగా గడ్డకట్టింది. నాబ్‌ని రేకుతో కలిపే ప్లాస్టిక్ లింకు పగిలి, కడ్డీ దాని మీద జారుతోంది. బయటినుంచి చూసే మనిషికి చోక్ వేసినట్టే ఉంటుంది, కార్బురేటర్‌కి ఆ కబురు అందదు. మంచినీళ్లతో ఉప్పు కరిగించి, ఇరుసు ఆడేదాకా స్ప్రే కొట్టి, కొత్త లింకు వేశాను. ఇప్పుడు నాబ్ లాగితే రేకు టక్కున మూసుకుంటోంది.

ఇక మిగిలింది దగ్గు. చోక్ ఉన్నంతసేపూ ఆడి, చోక్ తోయగానే ఆగిపోతే కార్బురేటర్‌లోని చిన్న జెట్టు మూసుకుందని అర్థం. నిదానం మీద ఇంజన్‌కి పెట్రోలు ఇచ్చేది అదే, దాని రంధ్రం వెంట్రుకంత. పాత పెట్రోలు ఆరిపోయి జిగురు కడితే ముందు బలయ్యేదీ అదే. దయచేసి పిన్నీసుతో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక జన్మలో ఐడిలింగు నిలబడదు. క్లీనర్లో నానబెట్టి, సన్నటి నైలాన్ వల పోగొకటి కత్తిరించి దూర్చాను. వల పోగుకి రేవులో కరువేముంది? జెట్టుని వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూస్తే రంధ్రంలోంచి వెలుతురు గుండ్రంగా కనబడాలి.

ఆ జిగురు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగక్కర్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మోటారు షెడ్డులో, పెట్రోలు కార్బురేటర్‌లో. త్వరగా ఆవిరయ్యే తేలికపాటి భాగమే చల్లటి స్టార్టుకి కావాల్సింది, ముందు ఎగిరిపోయేది కూడా అదే. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, దానికి నీళ్లంటే మహా ఇష్టం. ట్యాంకులో తేమ చేరి ఒక హద్దు దాటితే ఇథనాలూ నీళ్లూ కలిసి అడుగుకి దిగుతాయి. ట్యాంకులో పీల్చే గొట్టం కూడా అడుగునే ఉంటుంది! ఆ అడుగు పొరలో టూ-స్ట్రోక్ ఆయిలు పెద్దగా ఉండదు, కాబట్టి స్టార్టింగుతో పాటు పిస్టన్‌కీ ముప్పే. అనుమానమొస్తే అడుగు పెట్రోలు కాస్త గాజు సీసాలో పట్టి చూడండి, రెండు పొరలు కనబడితే ఆ ట్యాంకు వాడొద్దు. నిషేధానికి ముందు మోటారుని మంచినీళ్ల డ్రమ్ములో ఆడిస్తూ, పైపు ఊడదీసి, దానంతట అది ఆగేదాకా వదిలేయాలి. నీళ్లు లేకుండా మాత్రం ఆడించకూడదు, చల్లబరిచే నీళ్లు తోడే ఇంపెల్లర్ రబ్బరు క్షణాల్లో మాడిపోతుంది.

లాగడంలోనూ ఓ లెక్కుంది. తాడు ముందు నెమ్మదిగా, స్టార్టరు పళ్లు పట్టుకునేదాకా లాగి, అప్పుడు ఒక్క ఊపు. స్పార్కుకి కరెంటు పుట్టించే మ్యాగ్నెటో ఎంత వేగంగా తిరిగితే స్పార్కు అంత బలం. నిద్రమొహంతో ఈడిస్తే రాదు. పెట్రోలు వాసన గుప్పున కొడితే చోక్ తోసేసి, థ్రాటిల్ మొత్తం తెరిచి కొన్నిసార్లు లాగండి, లోపలి తడి ఆరుతుంది. చిన్న కుర్రాళ్లు కిల్ స్విచ్ (మోటారుని ఆపేసే స్విచ్) క్లిప్పు ఊడదీసి ఆడుకోవడం కూడా ఒక కారణమే సుమా, నవ్వకండి.

అన్నీ అయ్యాక కంప్రెషన్ గేజి పెట్టాను. మావయ్యకి ఎవరో పిస్టన్ రింగులు పోయాయని, ఇంజన్ దించాలని చెప్పారట. రెండు సిలిండర్లూ ఇంచుమించు ఒకటే, సరిపడా చూపించాయి, అంటే రింగులు బాగానే ఉన్నాయి. "రింగులకి దాచిన డబ్బుతో ముందు వల కొనుక్కో మావయ్యా" అన్నాను. ఆయన ఆ మాటకంటే ముందు, పాత ప్లగ్గులు మళ్లీ బిగించి కొత్తవి వాపసు ఇస్తే షాపువాడు తీసుకుంటాడా అని అడిగాడు.