ఆ మెయిల్ చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది

ఆరేళ్లపాటు నా ఉద్యోగం మనుషుల్ని ప్రాజెక్టులకి సర్దడం. కన్సల్టింగ్ కంపెనీల్లో దాన్ని రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. రోజూ రెండు జాబితాలు తెరిచేదాన్ని: బెంచ్ మీద ఉన్నవాళ్లు, అంటే ఏ ప్రాజెక్టూ లేక జీతం మీద ఖాళీగా ఉన్నవాళ్లు, క్లయింట్లు అడిగిన పోస్టులు. ఆ రెండూ సరిగ్గా కలిసిన రోజు నాకు గుర్తులేదు. బెంచ్ మీద జావా ప్రోగ్రామర్లు పది మంది ఉంటే, అవతల అడిగేది శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లని.

బెంచ్ అంటే కంపెనీకి ఎందుకంత భయమో లెక్కేస్తే తెలుస్తుంది. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు. అందులో 80 శాతం గంటలకి క్లయింట్‌కి బిల్ వేయాలని లక్ష్యం పెడితే 1,664. సెలవులు, శిక్షణ, ప్రాజెక్టుల మధ్య ఖాళీ అన్నీ మిగిలిన 416 గంటల్లోనే ఇమడాలి. ఒక మనిషి రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆ 416 దాదాపు అయిపోయినట్టే. అందుకే సొంత ఉద్యోగుల్ని తక్కువ పెట్టుకుని, పని పడినప్పుడు మనుషుల్ని సరఫరా చేసే వెండార్ దగ్గర తెచ్చుకుంటారు. అతని దగ్గర లేకపోతే అతను ఇంకో వెండార్‌ని అడుగుతాడు. అలా లేయర్లు పెరుగుతాయి.

క్లయింట్ గంటకి 100 ఇస్తే, ఒక్కో లేయర్ 15 శాతం చొప్పున పట్టుకుంటే, మూడు లేయర్లు దాటేసరికి మిగిలేది 61. పైవాళ్లకి అందాకే కిందివాళ్లకి ఇస్తామనే షరతు ఉంటే ఆ 61 కూడా నెలల తరబడి ఆగుతుంది.

ఈ డబ్బు కోత గురించి అందరూ మాట్లాడతారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాట కోత.

పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి కస్టమర్ల రికార్డులు మార్చే ప్రాజెక్టు అది. టెస్టింగ్ చేసే అమ్మాయి మా కింద మూడో లేయర్. పుట్టినతేదీ లేని రికార్డులన్నిటికీ కొత్త సిస్టమ్ 1900 జనవరి 1 అని వేసేస్తోందని ఆమె పట్టుకుంది. వయసును బట్టి లెక్కకట్టే ప్రతిచోటా తప్పు వస్తుందన్నమాట. కానీ క్లయింట్‌తోనూ మాతోనూ నేరుగా మాట్లాడకూడదని ఆమె ఒప్పందంలో ఉంది. వ్యాపారాన్ని కిందివాళ్లు తన్నుకుపోతారేమోనని ప్రతి లేయరూ పెట్టుకునే షరతు అది. తన వెండార్‌కి రాసింది. వాళ్లు పైవాళ్లకి, పైవాళ్లు మాకు. మధ్యలో ఎవరో ఆమె రాసిన రెండు పేరాల్ని ‘చిన్న డేటా ఇష్యూ’ అని కుదించేశారు. మా మేనేజర్ చేతికి వచ్చింది తొమ్మిదో రోజున. అప్పటికి కొత్త సిస్టమ్ మొదలై రెండు రోజులైంది.

తర్వాత రివ్యూలో ‘టెస్టింగ్ లోపం’ అని రాశారు. ఆ మాట చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మెయిళ్లన్నీ తేదీలతో సహా పోగుచేసి రివ్యూ చేసినవాళ్లందరికీ పంపాను. ఆ మాట తీసేశారు. ఆమె కాంట్రాక్టు మాత్రం అప్పటికే ముగిసింది, ఎవరూ పొడిగించలేదు.

మా సబ్‌కాంట్రాక్టుల్లో ఒక్క వాక్యం చేర్పించడానికి లీగల్ వాళ్ల చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. ఏ లేయర్‌లో ఉన్నవాళ్లయినా, లోపం కనబడితే ప్రాజెక్టు డిఫెక్ట్ లిస్టులో తామే నమోదు చేయవచ్చు అని. రేట్లు, కొత్త పనుల సంగతి క్లయింట్‌తో ఎత్తకూడదనే షరతు అలాగే ఉంచాం, దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ వాక్యం ఒకటే ఉంటే చాలదని త్వరలోనే తెలిసింది: అనుమతి ఉంది, లాగిన్ లేదు. అప్పటినుంచి ఏ ప్రాజెక్టు మొదలైనా, మొదటి రోజే లాగిన్ల జాబితా తెప్పించుకుని చివరి లేయర్ వాళ్ల పేర్లు ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూసేదాన్ని.