చా అనాలా, యా అనాలా

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో డచ్ క్లాసుకి వెళ్లిన మొదటి వారం. "పుస్తకం తెచ్చుకున్నావా?" అని టీచర్ అడిగితే ఠక్కున "చా" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమై నాలుక్కరుచుకున్నాను. డచ్‌లో అవునంటే "యా". "చా" అన్నది కంబోడియా భాష ఖ్మేర్‌లో ఆడవాళ్లు అనే అవును. మగవాళ్లయితే "బాత్" అంటారు. అక్కడి రాజధాని నోమ్‌పెన్ దగ్గర బట్టల ఫ్యాక్టరీలో మూడేళ్లు క్వాలిటీ చెకింగ్ చేశాను కదా, నోటికి పట్టిన అవును అదే.

తెలుగువాళ్లకి ఈ రెంటిలో ఏది తేలిక అని అడుగుతుంటారు. బోర్డు చూసి చెప్పమంటే ఖ్మేర్ అంటాను, వాక్యం విని చెప్పమంటే డచ్.

ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుంచి వచ్చింది, అంటే మన లిపికి దూరపు చుట్టం. అక్షరం కింద ఒత్తులుంటాయి. వాటిని అక్కడ "చ్యుంగ్" అంటారు, కాళ్లని అర్థం. పదాల మధ్య ఖాళీ ఇవ్వరు, మొదట్లో అదొక్కటే టెన్షన్. చదవడం కాస్త వచ్చాక మాత్రం నిధి దొరికినట్టే: ముఖం, గురువు, భాష, మిత్రుడు అన్నీ అక్కడే ఉన్నాయి. పైకి చదివితేనే గుర్తుపట్టలేం. గురువు "క్రూ" అయిపోయాడు. ప్రదేశ అని రాసి "ప్రతెహ్" అంటారు, దేశం అని అర్థం. నగరం "నొకో" అయింది, అంగ్‌కోర్ అన్న పేరూ అందులోంచి వచ్చిందే. మన "గ" నుంచి పుట్టిన అక్షరాన్ని "కో" అని పలుకుతారు, "క" నుంచి పుట్టినదాన్ని "కా" అని. గ, క తేడా పోయి, ఆ తేడా కాస్తా పక్కనున్న అచ్చు మీదికి వెళ్లిందన్నమాట. అందుకే ఒకే గుణింతం గుర్తుకి రెండు ఉచ్చారణలు. థాయ్, వియత్నామీస్‌లలోలా గొంతు ఎత్తు మారితే మాట అర్థం మారిపోయే స్వరాల గొడవ లేదు, అదొక్కటే దయ.

డచ్ దగ్గరికొస్తే అక్షరాలు తెలిసినవే, పలకడమే తిప్పలు. వాళ్ల "G" అక్షరం గొంతు గీరుకున్నట్టు వస్తుంది. నేను నెలరోజులు దగ్గుతూ కూర్చున్నాను. హైదరాబాద్ పాతబస్తీలో పెరిగిన మా క్లాస్‌మేట్ మొదటి రోజే పలికేశాడు, ఉర్దూ "ఖ" వచ్చినవాడికి అదెంత.

వాక్యం మాత్రం అలవాటైనట్టే అనిపించింది. "ఎందుకంటే నేను రేపు ఇంటికి వెళ్తున్నాను" అన్నదాన్ని డచ్‌లో ఇదే వరసలో చెప్పొచ్చు, క్రియ చివరికే వస్తుంది. స్పెయిన్ అమ్మాయి ఆ క్రియని ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకుంటుంటే నేను దర్జాగా కూర్చున్నాను. కాకపోతే మామూలు వాక్యంలో క్రియ రెండో చోటికి ఎగిరొచ్చేస్తుంది, అక్కడ నేనూ తలపట్టుకున్నాను. ఖ్మేర్‌లో ఈ బాధే లేదు. క్రియ మారదు, ఏకవచనం బహువచనం ఒకటే, జరిగిపోయిందని చెప్పాలంటే చివర "హాయ్" అని తగిలిస్తే చాలు. ఇల్లు పెద్ద, చొక్కా ఎర్ర అని విశేషణం వెనకొస్తుంది, అంతే.

అంకెలు రెండు చోట్లా నా డబ్బో సమయమో తిన్నాయి. ఖ్మేర్‌లో అయిదు దాటితే అయిదు మీద కూడుకోవాలి: ప్రామ్ అంటే అయిదు, ప్రామ్‌పీ అంటే అయిదూ రెండూ, ఏడు. బజార్లో ఒకామె రాంబూటాన్ పళ్లకి 7000 రియల్ అంటే నాకు ప్రామ్ వరకే వినపడింది. 5000 ఇచ్చి సంచీ ఎత్తుకుని నడుస్తుంటే వెనకనుంచి పిలిచింది, కోప్పడలేదు గాని పక్క కొట్టువాళ్లంతా నవ్వారు. డచ్‌లో నలభై అయిదుని అయిదూ-నలభై అంటారు. ఫోన్లో విన్నది విన్నట్టు 5, 4 అని రాసుకుని, 45లో ఉండాల్సినదాన్ని 54వ నంబరు ఇంటి బెల్లు కొట్టాను, అదీ వానలో.

వారాల పేర్లు చూశాక మాత్రం భలే అనిపించింది. ఖ్మేర్ మంగళవారంలో మన అంగారకుడు ఉన్నాడు, అంటే కుజుడే. డచ్ మంగళవారం "దిన్స్‌దాఖ్"లో పాత జర్మానిక్ యుద్ధదేవుడున్నాడు, రోమన్ల మార్స్‌కి బదులుగా. ఆ మార్స్ గ్రహమే మళ్లీ కుజుడు.

మాది బందరు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఈ రెండు భాషలూ నాకంటే ముందే కలుసుకున్నాయి. మా ఊళ్లో అద్దకం బట్టలు కొన్న డచ్ ఈస్టిండియా కంపెనీ (వీఓసీ)యే కంబోడియాలోనూ వ్యాపారం చేసింది. 1643లో దాని దూత పీటర్ ఫాన్ రేగేమోర్టెస్‌ని అక్కడ చంపేశారు. మరుసటేడు మెకాంగ్ నదిలో డచ్ యుద్ధనౌకలతో పోరాటం జరిగింది.

మనుషుల్ని పిలవడంలో నేను ఖ్మేర్ పక్షమే. పెద్దవాళ్లని అక్కైనా అన్నైనా "బాంగ్", పిన్ని వయసామెని "మీంగ్", ముసలావిణ్ణి "యేయ్". ఇక్కడ అరవై ఏళ్ల టీచర్ని పేరు పెట్టి పిలవమంటే నోరు రాక ఆర్నెల్లు "ఎక్స్‌క్యూజ్ మీ"తో నెట్టుకొచ్చాను. అది విని అందరూ ఇంగ్లీషులోకి దిగిపోతారు, ఇక డచ్ వచ్చేదెప్పుడు!

వడ్లు, బియ్యం, అన్నం అని మనకి మూడు మాటలున్నట్టే ఖ్మేర్‌కీ ఉన్నాయి: స్రౌ, అంకా, బాయ్. డచ్‌వాళ్లు మామూలుగా అన్నిటికీ "రైస్ట్" అనేస్తారు.

మొన్న ఆదివారం నోమ్‌పెన్‌లో మా ఇంటి ఓనరు యేయ్ వీడియో కాల్ చేసింది. అక్కడ పలకరింపే అది, "అన్నం తిన్నావా?"

"యా" అన్నాను.

"ఏంటీ?"

"చా, చా, తిన్నాను యేయ్."

"ఏం తిన్నావు?"

"బ్రెడ్డు, చీజు."

కాసేపు ఫోన్లోంచి నన్నే చూసింది. "సరే, మరి అన్నం ఎప్పుడు తింటావు?"